ఐదుగురికి చదవని వరుస

పందొమ్మిది వందల తొంభై జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు చట్టసభ సచివాలయంలోని ఆసనాల విభాగంలో సహాయకులుగా చేరిన మా పెద్దలు, ముప్పై ఐదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ మాసాంతమున పదవీ విరమణ చేయుచున్న సందర్భంగా, వారి గుణగణాలను ఈ సంచికలో పొందుపరచవలసినదిగా మా ఉద్యోగుల సంఘం కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నాకా అర్హత లేదని రెండుసార్లు తప్పించుకోజూశాను. వినయమనుకున్నారు. కాదని ఈ వ్యాసం చదివితే వారికే తెలుస్తుంది.

మా విభాగం చేసే పనేమిటో ఈ సంచిక చదివే ఉద్యోగుల కుటుంబసభ్యులకు రెండు ముక్కల్లో విన్నవిస్తాను. ఎన్నికల్లో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్న పార్టీలు, ఎవరికీ మెజారిటీ రాకపోయేసరికి, కొద్దిరోజుల్లోనే కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయవలసి వస్తుంది. అప్పుడు సభలో ఎవరు ఎవరి పక్కన, ఎవరి వెనుక, సభాపతి కంటికి ఎంత దూరంలో కూర్చోవాలో నిర్ణయించి పట్టిక గీసేది మేము. ఇదంతా వట్టి కుర్చీల సర్దుడని కొందరి భావన. నేనూ కొంతకాలం ఆ భావనలోనే ఉన్నాను.

మా పెద్దలు అలా ఎన్నడూ అనుకోలేదు. ఎప్పుడూ చెవి మీద పెన్సిల్ ఉండేది గనుక సచివాలయమంతా వారిని 'పెన్సిల్ గారు' అనే పిలిచేది. పట్టికను ముందు పెన్సిలుతో గీసి, ఖాళీ సభలోకి వెళ్ళి ప్రతి కుర్చీలోనూ స్వయంగా కూర్చుని చూసేవారు. ఆపైన ప్రతి పార్టీ నాయకుడి గదికీ మనిషిని పంపి, వారి సభ్యుల వరుసలు, కుర్చీల సంఖ్యలు బిగ్గరగా చదివించేవారు. మా విభాగంలో దీన్ని 'వరుస చదవడం' అంటాము. అందరూ విని సరేనన్నాకే పెన్సిలు గీత మీద సిరా పడేది.

"దూరపువాళ్ళతో పేచీ ఉండదోయ్," అనేవారు నాతో. "ఒకే వీధిలో, ఒకే ఇంటి ఓటు కోసం తిరిగినవాళ్ళుంటారు చూడు, వాళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టాలి. అదీ కష్టం."

ఒకనాడు వారు ఇలాగే ప్రభుత్వాధినేత కుర్చీలో కూర్చుని, కళ్ళు చికిలించి సభాపతి స్థానం వైపు చూస్తుండగా, సభ ఊడ్చే ఆవిడ చీపురుతో వచ్చి నిలబడింది. "లేవండి సార్, మీ ప్రభుత్వం పడిపోయింది. నేను తుడుచుకోవాలి," అంది. వారు వెంటనే లేచి, "రాజీనామా ఎవరికివ్వాలమ్మా?" అని అడిగి మరీ పక్క కుర్చీలోకి జరిగారు. ఆ మాట చెప్పి నెలరోజులు నవ్వించారు.

ఇక రెండువేల ఎనిమిదవ సంవత్సరానికి వస్తాను. ఇక్కడ దాటవేయాలని కలం చాలాసార్లు మొరాయించింది.

సభాపతిని మినహాయిస్తే సభలో నూట పంతొమ్మిది మంది. పెద్ద పార్టీకి నలభై ముగ్గురు, దాని మిత్రపక్షానికి పదముగ్గురు, పదకొండు రోజుల బేరసారాల తర్వాత వచ్చి చేరిన చిన్న పార్టీకి ఐదుగురు. మొత్తం అరవై ఒకటి. ఎదుటివైపు యాభై ఎనిమిది. ఆ ఐదుగురూ ప్రతి నియోజకవర్గంలో పోట్లాడింది ఈ పదముగ్గురితోనే. అందుకని మంత్రిపదవులు కూడా వదులుకుని, వాళ్ళ వెనుక వరుసలో మాత్రం తమను కూర్చోబెట్టబోమని మాట తీసుకున్నారు. పెద్ద పార్టీవారు ఆ మాట మా విభాగానికి చెప్పడం మరచారు. ఇటువంటి మరపులను పట్టుకోవడానికే వరుస చదవడమనే పద్ధతి ఉంది.

ఆ ఐదుగురికి వరుస చదివే పని నాది. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలయింది, ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. వెళ్ళాను. తలుపు మూసి లోపల సమావేశం జరుగుతోంది. అరగంట వరండాలో నిలబడ్డాను. ఇంత చదువూ చదివి ఐదు కుర్చీల నంబర్లు వినిపించడానికి పడిగాపులు కాయాలా అని ఒళ్ళు మండింది. క్యాంటీన్‌కు పోయి కాఫీ తాగి వచ్చేశాను.

"చదివావా?" అని అడిగారు వారు.

"చదివాను సార్. సరేనన్నారు."

"ఎవరన్నారు?"

"నాయకుడే అన్నారు సార్."

నా మాట మీద సిరా దిద్ది సంతకం చేశారు.

మర్నాడు విశ్వాస తీర్మానం. చిన్న పార్టీ నాయకుడు ఒకప్పటి బడిపంతులు, వయసు మళ్ళినవారు. పదముగ్గురి వెనుక వరుసలో తన పేరున్న అట్టముక్క చూశారు. పెద్ద పార్టీవారు మాట తప్పారని తలచారు. కేకలు వేయలేదు. ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని, తక్కిన నలుగురినీ వెంటబెట్టుకుని బయటికి నడిచారు. యాభై ఆరు, యాభై ఎనిమిది. రెండు ఓట్లతో ప్రభుత్వం కూలింది.

కార్యదర్శిగారి గదిలో విచారణ జరుగుతుంటే నేను తలుపు బయట తేలుకుట్టిన దొంగలా నిలబడి ఉన్నాను. "పట్టిక మీద సంతకం నాదండీ," అన్న వారి గొంతు స్పష్టంగా వినిపించింది. అంతకుమించి వారొక్క ముక్క మాట్లాడలేదు. నేనూ నోరు మెదపలేదు. వారిని పాత రికార్డుల గదికి బదిలీ చేశారు. కిటికీ లేని ఆ గదిలో ఏడేళ్ళున్నారు. వారికి రావలసిన విభాగాధికారి పదవి కొన్నేళ్ళకు నాకు వచ్చింది. సిగ్గులేకుండా మిఠాయిలు పంచాను. మొదటి పొట్లం వారికే ఇచ్చాను. "వరుస చదవడం మానకోయ్," అని మాత్రం అన్నారు. నా అబద్ధం వారికి తెలియదు గదా అని ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఈ వ్యాసానికి తేదీలు అడుగుదామని గతనెల వారింటికి వెళ్ళాను. కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించే వారమ్మాయి బల్లముందు కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు.

"సంకీర్ణ ప్రభుత్వాల పాఠంలో ఆ ప్రభుత్వం సంగతి వస్తుందండీ," అన్నారు ఆమె తల ఎత్తకుండానే. "'ఒక ఉద్యోగి అజాగ్రత్త వల్ల' అని ఉంటుంది పుస్తకంలో. ఏటా ఆ వాక్యం చదివి వినిపిస్తాను. ఆ ఉద్యోగి మా నాన్నేనని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు."

తాగుతున్న టీ కింద పెట్టేశాను. ఆమె లోపలికి వెళ్ళాక, "సార్, ఆవేళ నేను చదవలేదు," అన్నాను.

"తెలుసు," అన్నారు వారు.

"ఎప్పట్నుంచి సార్?"

"ఆ సాయంత్రం నుంచే. క్షమించమందామని ఆ పంతులుగారింటికి వెళ్ళాను. 'మా దగ్గరికి ఎవరూ రాలేదే' అన్నారాయన."

"మరి చెప్పలేదేం సార్?"

"చెబితే నీ ఉద్యోగం పోయేది. నాది పోదుగా. నువ్వే వచ్చి చెబుతావులే అనుకున్నాను. పదిహేడేళ్ళు పట్టింది నీకు."

"పోనీ, అమ్మాయికైనా చెప్పాల్సింది."

వారు నా వంక చూశారు. "అది నేను చెప్పాల్సిన మాటా?" అన్నారు.

కనుక చెబుతున్నాను. ఆ అజాగ్రత్త వారిది కాదు. నాది. అసలు అజాగ్రత్త కూడా కాదు, అబద్ధం. సచివాలయ రికార్డులో దీన్ని చేర్చవలసిందిగా కోరుతూ కార్యదర్శిగారికి లేఖ సమర్పించాను. వారు ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను.

సిరా పడేముందు ఎవరి వరుస వారికి చదివి వినిపించాలన్నది పెన్సిల్ గారి పద్ధతి. ఈసారి మానలేదు. అచ్చుకు ఇచ్చేముందు, నిన్న ఈ కాగితాలు పట్టుకుని వారమ్మాయి దగ్గరికి వెళ్ళి, మొదటినుంచి ఇంతవరకూ బిగ్గరగా చదివాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. నిలబడే చదివాను. అంతా విన్నాక ఆమె చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు. "సోమవారం ఆ పాఠం మళ్ళీ చెబుతాను," అన్నారు. "ఈసారి నాన్నను కూడా తీసుకెళ్తాను."

మా పెన్సిల్ గారు ఆయురారోగ్యాలతో, సహధర్మచారిణీ సమేతులై, రికార్డుల గదిలో నా మూలంగా పోయిన ఆ ఏడేళ్ళూ కలుపుకుని నిండు నూరేళ్ళకు పైబడి జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. సోమవారంనాడు ఆ తరగతి గదిలో ఎక్కడ కూర్చోవాలో దయచేసి వారినే ఎంచుకోనివ్వండి.