హయాషి గారి శుక్రవారాలు

అమెరికాలోని నోవై, 1986 ఫిబ్రవరి. శనివారం ఉదయం. రూతు కారు నడుపుతోంది. పక్కన భర్త దేవకుమార్.

"ఏ వైపు?"

"లెఫ్ట్. బ్యాంకు దాటాక. నా కారు బార్ వెనక పార్కింగ్‌లో ఉంది."

"మంచులో పూడిపోయి ఉంటుంది. నిన్నటితో నాలుగో శుక్రవారం ఇలా."

"మూడో..."

"నాలుగు."

"ఆఫీసు పనే కదా రూతూ."

"బార్‌లో ఆఫీసు పనేమిటండీ?"

"జపాన్ వాళ్ళకి అంతే. మా బాసే అయినా పగలు హయాషి గారు నాతో పది మాటలు మాట్లాడరు. అక్కడ కూర్చున్నాకే మాటలు. మా సెక్షన్‌లో సుందర్ రాజ్ రెండుసార్లు రానన్నాడు. మూడోసారి పిలవలేదు. తర్వాత మీటింగులకీ పిలవలేదు."

"అక్కడేం చేస్తారు?"

"పాడతారు. మెషిన్‌లో మ్యూజిక్ వస్తుంది. మైకు పట్టుకుని అందరూ వరసగా పాడాలి."

"మీరూ పాడారా?"

"తప్పదుగా."

"ఏం పాడారు?"

"కీర్తన."

"బార్‌లో కీర్తనా!"

"వాళ్ళకి అర్థం కాదుగా."

"దేవుడికి అర్థమవుతుందిగా."

"వేరే పాటలు నాకేం వచ్చు చెప్పు? హయాషి గారు చప్పట్లు కొట్టి ఇంకోసారి పాడించారు."

"పాట సరే. తాగడం?"

"రుచి చూశానంతే."

"రుచి చూసినవాళ్ళు కారు అక్కడే వదిలేసి రారు."

"రూతూ..."

"పెళ్ళప్పుడు మా నాన్నకి మాటిచ్చారు."

"నేను పొయ్యమని అడగట్లేదే! అక్కడ ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదు. హయాషి గారే రెండు చేతులతో పట్టుకుని పోస్తారు. అంత పెద్దాయన!"

"పొయ్యనివ్వండి. అలా వదిలెయ్యండి."

"ఎలా వదులుతాను? పెట్టింది వదిలితే పెట్టినవాళ్ళకి అవమానం. మా అమ్మ గ్లాసులో మజ్జిగ చుక్క ఉన్నా లేవనిచ్చేది కాదు. అయిపోతుందిలే అని గబగబా తాగేస్తాను. కింద పెట్టేలోపు మళ్ళీ నింపేస్తారు."

"చెయ్యి అడ్డం పెట్టొచ్చుగా."

"గ్రీన్ కార్డ్ పేపర్ల మీద ఆయన సంతకం పడేదాకా ఏ చెయ్యి అడ్డం పెట్టను?"

"ఎప్పుడు పెడతారట?"

"అడిగితే 'చూద్దాం' అంటారు. గ్లాసు నింపుతారు. మేలో నా వీసా అయిపోతుంది."

"అంటే మే దాకా ప్రతి శుక్రవారం ఇంతే."

"నాకేమన్నా సరదానా? ఒంటిగంట దాటినా ఆయన లేవరు. ఆయన లేవకుండా నేనెలా లేస్తాను?"

"అదిగో మీ కారు. ఆగండి, దిగకండి."

"ఏమిటి?"

"నిన్న మధ్యాహ్నం, లైబ్రరీలో నేను ఇంగ్లీష్ నేర్పే క్లాసుకి హయాషి గారి భార్య వచ్చింది."

"ఆవిడా? నా గురించి ఏమన్నా..."

"ఏడ్చింది."

"ఎందుకు?"

"ఆయన్ని డాక్టర్ చుక్క ముట్టొద్దన్నాడట. అతిథి గ్లాసు ఖాళీగా ఉండగా లేవడం ఆయనకి మర్యాద కాదట. 'మీ ఆయన్ని ఒక్కసారి గ్లాసు నిండుగా వదిలెయ్యమనండి, మావారు ఇంటికొచ్చేస్తారు' అంది."

"ఆయన... నా కోసం కూర్చుంటున్నారా?"

"మీ కోసమే."

"మరి పేపర్ల సంగతి అడిగావా?"

"అడిగాను. ఇంత తాగే మనిషికి పూచీ ఎలా ఉండడం అని ఆగారట."