తాండూరుల ఏమున్నది

ఆదివారం పొద్దున. లింగంపల్లిలో ఎక్కిన భార్యాభర్తలు కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. తాండూరు పోయే రైలు వికారాబాద్‌లో ఆగింది.

"నన్ను చెప్పనియ్యి స్నేహలతా. హైదరాబాద్ నుంచి సామాన్లు కట్టుకొని తాండూరుకు పోయెటోణ్ని నువ్వెప్పుడన్న చూసినవా? తాండూరోళ్లే పట్నం వస్తున్నరు. మనం ఎదురు పోవాల్నా?"

"చెప్పు. లింగంపల్లి నుంచి నువ్వే చెప్తున్నవు. నేను ఇల్లొక్కటి చూద్దామన్న, గంతే."

"చూస్త. చూసి, నచ్చలేదని చెప్పొస్త."

"చూడకముందే నచ్చలేదా?"

"చూసేదేమున్నది? తాండూరుల ఏమున్నది చెప్పు. నాపరాళ్లు కోస్తరు, పాలిష్ పడ్తరు, గా దుమ్ము తింటరు. కందులమ్ముతరు, మళ్ల దుమ్ము తింటరు. పొద్దూకితే రోడ్డు పక్కన కూసొని పోయే లారీలను చూస్తరు. ఇదొక ఊరు, దీనికి మనం కిరాయి కట్టాలె."

"సరే, తాండూరొద్దు. ఇగో, వికారాబాదే వచ్చింది. ఇక్కడ దిగుదామా? జిల్లా ఆఫీసులన్ని ఈడనే."

"జిల్లా అని పేరు పెట్టంగనే ఊరు పెద్దదైతదా? బోర్డులు మారినయి, ఊరు మారలె. ఆదివారం పట్నం పోరగాండ్లు బైకులేసుకొని గుట్టకొస్తరు, తిన్న కవర్లు కోతులకు పడేసి పోతరు. గా కోతులు సోమవారం మన వంటింట్లకొస్తయి. గుట్టలు చూసుకుంట, కోతులను కొట్టుకుంట బతుకుమంటవా?"

"మీ నాయిన బంట్వారంల గొర్లు కాసి నిన్ను సార్‌ను చేసిండు. గదీ ఇదే జిల్లా."

"గందుకే చెప్తున్న. గా గొర్లెంబడి తిరిగినోణ్ని, నాకెరుక గీ ఊర్లు ఏందో. బయటవడ్డ కాబట్టే నలుగుట్ల మనిషినైన. మళ్ల నా బిడ్డను తీస్కపోయి గా మట్టిల పెడ్తనా?"

"నలుగుట్ల మనిషివి. మంచిదే. పొద్దుగాల ఐదున్నరకు తాండూరు అవతలి బడికని ఇల్లిడిస్తవు, రాత్రి ఎనిమిదింటికొస్తవు. రోజుకు ఆరు గంటలు రైల్ల కూసుంటవు. గా నలుగురు నిన్నెప్పుడు చూస్తరో మరి."

"కష్టపడ్తున్న. ఎనిమిదేండ్ల సంది పడ్తున్న. నేనేమన్న నడుము నొప్పన్ననా, అలిసిపోయిన్నన్ననా? లేదు. బిడ్డ మంచి బళ్లె చదవాలె, గదొక్కటే."

"వచ్చే నెల నుంచి ఫోన్ల మొఖం చూపిస్తెనే హాజరంట గద మీకు. బడి గంట కొట్టినంక పోతే నడవదంట."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"పేపర్ల వచ్చింది."

"పేపర్ల మస్తు వస్తయి. మా బడి కాడ సిగ్నలెక్కడిది? మొఖం చూపియ్యాలంటే చెట్టెక్కాలె. వారం రోజులు హడావుడి చేస్తరు, తర్వాత ఆళ్లే మరిచిపోతరు. నువ్వు ఫికర్ చెయ్యకు."

"నాకేం ఫికర్ లేదు. నీకే ఉన్నట్టుంది."

"నాకెందుకుంటది? రోజు పోతున్ననాయె."

"రోజు పోతున్నవు."

"మళ్ల అడుగుతవేంది?"

"అడగలె. నువ్వన్నదే అన్న. రైలు కదిలింది, బ్యాగు జర లోపలికి జరుపు."

"మీ అమ్మ దగ్గర నుంచి అక్షరను ఇయ్యాల మనెంబడి తీస్కపోదాం. పట్నంల బడి తెరిచి వారమాయె. జ్వరం తగ్గిందా, లేదా?"

"తగ్గింది. మంచిగనే ఉన్నది."

"మరి ఫోన్ల గట్ల మాట్లాడ్తదేంది? ఊ అంటది, ఆ అంటది, పెట్టేస్తది. ఇదివరకు నేను బడి ముచ్చట్లు చెప్తే పడి పడి నవ్వేది. మొన్న బుధవారం మస్తు ముచ్చట చెప్పిన. ఆరో తరగతోళ్లకు భిన్నాలు సమజైతలేవంటే, నా డబ్బల జొన్నరొట్టె తీసి నాలుగు ముక్కలు తుంచి చూపిచ్చిన, ఇదొక పావు, ఇవి రెండు పావులని. చూసేలోపట పోరగాండ్లు రొట్టె తినేసిండ్రు. గది చెప్పినా నవ్వలె."

"నవ్వలేదా?"

"ఊ అన్నది. జ్వరమనుకున్న."

"నీ బూట్లు కడిగేది నేనే గద."

"బూట్ల ముచ్చటెందుకొచ్చింది ఇప్పుడు?"

"వాటికి ఎప్పుడు చూసినా ఎర్రమట్టే ఉంటది. నీ బడి ఉన్న మా అమ్మోళ్ల బషీరాబాద్ దిక్కంత నల్లరేగడి. చినుకు పడితే చెప్పులూడొస్తయి. నల్లమట్టిల నడిచినోని బూట్లకు ఎర్రమట్టి ఎట్లంటుతది?"

"వికారాబాద్‌ల దిగి చాయ్ తాగుత. ఈడంత ఎర్రమట్టే."

"ప్లాట్‌ఫారం మీద మట్టా?"

"వకీల్ లెక్క అడుగుతున్నవు నువ్వు. నేను తాండూరు ఇల్లు గురించి మాట్లాడ్తుంటె బూట్లంటవు."

"నేనూ దాని గురించే మాట్లాడ్తున్న. ఎనిమిదేండ్ల సంది మా అమ్మ ఇంటి ముంగటి నుంచే ఆటోల బడికి పోతున్నవు. ఒక్కనాడన్న ఆగి మంచినీళ్లు తాగినవా? మా అమ్మ అడుగుతది, అల్లుడు గిదే తొవ్వల పోతడా అని."

"టైమెక్కడిది? రైలు దిగాలె, ఆటో పట్టాలె, గంట కొట్టేవరకు ఉరకాలె."

"పాపం."

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదు. ఇంకో మాట అడుగుత, జవాబు చెప్పు. అక్షరను నీ బళ్లెనే వేస్తే ఎట్లుంటది?"

"నీకేమన్న దిమాఖ్ ఉన్నదా?"

"ఎందుకు? సర్కారు బడే గద. పుస్తకాలు ఇస్తరు, అన్నం పెడ్తరు. శాంతవ్వ వండే పప్పు మంచిగుంటదంట."

"పప్పు కోసం పంపుతమా? సర్కారు బళ్లెకు సార్ల పిల్లలు పోతరా? నన్ను నలుగురేమంటరు? గాడ పిల్లలు జొన్న కోతలప్పుడు రారు, జాతరప్పుడు రారు. వచ్చినోళ్లు అన్నం తిని పోతరు. ఒక్కనికి ఎక్కం రాదు. గా పిల్లల నడుమ నా బిడ్డను కూసోపెడ్తనా?"

"ఎక్కం ఎందుకు రాదు?"

"చెప్పెటోళ్లు ఎవరున్నరు గాడ?"

"నువ్వున్నవు గద. లెక్కల సార్‌వి."

"జర కిటికీ దించు, దుమ్మొస్తున్నది."

"చెప్పు. చెప్పెటోళ్లు ఎవరున్నరన్నవు. నువ్వున్నవా, లేవా?"

"మాటకు మాట పట్టకు స్నేహ. ఒక్కణ్ని నేనేం జేస్త అని."

"ఒక్కనివి. ఔ. రొట్టె తుంచి భిన్నాలు చెప్పేటోనివి."

"నువ్వు పొద్దటి నుంచి ఏందో మనసుల పెట్టుకొని మాట్లాడ్తున్నవు. ఉన్నది అడుగు."

"అడగను. చెప్త. అక్షరకు జ్వరం ఒక్కరోజే. సోమవారం నువ్వు ఇల్లిడిసినంక నేను ఎనక రైలుకు వచ్చి, తీస్కపోయి నీ బళ్లెనే ఆరో తరగతిల వేసిన. పట్నం బడి నుంచి టీసీ తెచ్చుకున్నంకనే మా అమ్మ దగ్గరికి పంపిన."

"నన్నడగకుంటనా?"

"నిన్ను మురిపిద్దామని. ఇద్దరం మస్తు అనుకున్నం. సార్ క్లాసులకు రాంగనే మొదటి బెంచిల నుంచి లేసి గుడ్ మార్నింగ్ సార్ అనాలె, సార్ మొఖం చూడాలె అని. మా అమ్మ రెండు జడలేసి పంపింది."

"మా హెడ్మాస్టర్ వెంకటయ్య సార్ నాకొక్క మాట చెప్పలేదే."

"నేనే చెప్పొద్దన్న. ఆయన నా మొఖం చూసి నవ్విండు. చెప్పనమ్మా, మల్లేశ్వర్ సార్ వచ్చిన్నాడు ఆయనే చూసుకుంటడు అన్నడు. గప్పుడు నాకు సమజ్ కాలె."

"స్నేహా, విను. సోమవారం నేను..."

"సోమవారం రాలె. మంగళవారం రాలె. శనివారం దాక రాలె. సార్ ఎప్పుడొస్తడని శాంతవ్వను అడిగిందంట నీ బిడ్డ. వచ్చిన్నాడు వారం సంతకాలు ఒక్కసారే పెడ్తడు బిడ్డా అన్నదంట ఆమె. ఎవరి బిడ్డో తెల్వక."

"ప్లాట్లు చూపియ్యడానికి పోతున్న. శంకర్‌పల్లి దిక్కు. చాలా? గది ఎవరి కోసం? పట్నంల ఒక ఇల్లు నిలబెట్టాలె, దాన్ని పెద్ద చదువు చదివియ్యాలె. నా జీతంతోని అయితదా?"

"ఎర్రమట్టి శంకర్‌పల్లిదన్నమాట."

"బిడ్డ కోసమే చేసిన."

"తాండూరుల ఏమున్నదని లింగంపల్లి నుంచి అడుగుతున్నవు. ఏం లేదు. దుమ్మే ఉన్నది, లారీలే ఉన్నయి. కానీ గాడుంటే నువ్వు పొద్దుగాల యాడికి పోతున్నవో నలుగురికి కనవడ్తది. గందుకే నీకు గా ఊరు చిన్నది. ఇంకో ఫికర్ లేదు నీకు."

"మెల్లగ మాట్లాడు, అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. నలుగుట్ల మనిషివి గద. ఇల్లుకు నేను మాటిచ్చేసిన. నేనూ అక్షర ఉంటం. నువ్వు రావాల్నా వద్దా అన్నది నువ్వు చూస్కో. రుక్మాపూర్ దాటింది, బ్యాగు తియ్యి."

"అక్షరకు నేను చెప్పుకుంట. చిన్న పిల్ల, సమజ్ చేస్తే వింటది. మీటింగులకు పోయిన్నని చెప్త. నామీద కోపంగున్నదా?"

"కోపం లేదు. నువ్వు అబద్ధం చెప్పినవని దానికింకా తెల్వదు."

"తెల్వదా? మరి బుధవారం గట్ల ఎందుకున్నది?"

"బుధవారం లెక్కల గంటల మొదటి బెంచిల నోటుబుక్కు తెరిచి పెట్టుకొని కూసున్నదంట, గంట అయిపోయిందాక. పొద్దూకినంక నువ్వు ఫోన్ చేసి రొట్టె ముచ్చట చెప్పినవు. తెల్లారి నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది."

"ఏమడిగింది?"

"అమ్మా, నాన్న రొట్టె పెట్టిన పిల్లలు ఏ బళ్లె ఉంటరు, నన్ను గా బళ్లె వెయ్యవా, అని."