ఆపుకున్న పాప

ఆరేళ్ల కూతురికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండోసారి వచ్చింది. కిడ్నీలకేం ముప్పో అన్న దిగులుతో, స్కానింగ్ గదిలో తల్లి గోడవారగా నిలబడింది. డాక్టరమ్మ పాప పొట్ట మీద జెల్ రాసింది.

“అమ్మో, చల్లగా ఉంది! చక్కిలిగిలి పెట్టకండి, పోసేస్తాను!”

“కాస్త ఓర్చుకో బంగారం. ఇదిగో, తెర మీద చూడు, ఇదే నీ కిడ్నీ.”

“చిక్కుడు గింజలా ఉందే! రెండోదేదీ?”

“ఈ పక్కన దాక్కుంది. రెండూ చక్కగా ఉన్నాయి, వాపేం లేదు.”

తల్లి గుండె మీంచి బండ దిగినట్టయింది.

“మరి ఈ నల్ల బుడగేంటి?” పాప తెరకేసి వేలు చూపించింది.

“మూత్రం సంచి. నిండుకుండలా ఉంది! ఇంతసేపు ఆపుకోవడం ఎవరు నేర్పారే?”

“బళ్లో రోజూ ఆపుకుంటాగా, ఇంటికొచ్చేదాకా.”

“అయ్యో, ఎందుకమ్మా?”

“బాత్రూం తలుపుకి గడియ లేదు. ఎవరైనా తోసేస్తే?”

“అలా ఆపుకుంటేనే ఈ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది తల్లీ. అమ్మతో చెప్పలేదా?”

“చెప్తే బడికొచ్చి పోట్లాడుతుంది. నాకు సిగ్గు.”

తల్లికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“పోట్లాడనే పిచ్చి మొద్దూ! రేపు గడియ కొనుక్కొచ్చి నేనే దగ్గరుండి బిగింపిస్తాను.”

“బాగుంది. ఇక పరుగెత్తు పాపా. ఖాళీ చేసి వస్తే, సంచిలో ఏమైనా మిగిలిందేమో మళ్లీ చూస్తాను.”

“ఇక్కడ గడియ ఉందా?”

“భేషుగ్గా ఉంది!”

ఆ మాట పూర్తయ్యేసరికే పాప గది దాటేసింది. తల్లి, పాప చెప్పులు చేత పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.