మేయరు వీధికి ఆఖరి వంతు

ఈ సంతాప సభకు పెద్దగా కూర్చున్న కొత్త మేయరు ఓబిలేషన్నకు, కాలం చేసిన మన ఈశ్వరప్ప సారు ఇల్లాలు రామలక్ష్మమ్మ గారికి, కార్పొరేటర్లకు, మా నీళ్ల డిపార్ట్‌మెంటు అన్నలకు, కొళాయికాడ బిందెలు వరసలో పెట్టి వచ్చిన అక్కలకు దండాలు. నా పేరు తిమ్మప్ప. ముప్పై ఏండ్లుగా ఈ ఊరికి నీళ్లు ఇడిచేది నేనే. మైకు పట్టేది ఇదే మొదలు, తప్పులుంటే మీరే సర్దుకోండి. (నవ్వులు)

ఈశ్వరప్ప సారు ఇరవై ఏండ్లు మనకు మేయరు. గెలిచిన మొదటి వారంలోనే నన్ను పిలిపించి, "తిమ్మప్పా, మేయరుండే వీధికి నీళ్లు ఆఖరున ఇడువు. ఎవరు మేయరైనా సరే. నా ఇంట్లో కొళాయి ఎండితేనే ఊళ్లో ఎండిందని నాకు తెలిసేది" అన్నాడు. పెద్దోళ్లు కదా, నాలుగు దినాలకు మరిచిపోతాడులే అనుకున్న్యా. (నవ్వులు) నవ్వుతారేమప్పా, మీరూ అట్లనే అనుకున్న్యారు!

ఆయప్ప కూతురు పెండ్లి నాటికి బోర్లన్నీ ఎండి, ఊరికి పదైదు దినాలకొకసారి నీళ్లు. మడకశిర నుంచి పెండ్లికొడుకు వాళ్లు రెండు బస్సుల్లో దిగినారు. నేను తెలివిమంతుణ్ణి కదా, ఎవరూ చెప్పకనే ఆయప్ప వీధి వాల్వు తిప్పేసినా. ముహూర్తానికి గంట ముందు, పట్టుపంచె మోకాళ్లపైకి ఎగగట్టి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా, ఆ మనిషే నా దగ్గరికొచ్చినాడు.

"ఈ పొద్దు ఎవరి వంతప్పా?"

"పన్నెండో వార్డు, సార్."

"మరి ఆ యమ్మలు యాడికి పోవల్ల?"

తానే వాల్వు కట్టేసి, పోయి వియ్యంకులకు చేతులు జోడించి, "అన్నా, తలా ఒక చెంబుతో సర్దుకోండి" అని అడుక్కున్న్యాడు. ఒక బస్సు వాళ్లు అలిగి తినకుండానే పోయినారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనింటే నాకు బాగుండు.

మొన్న ఆయప్ప పోయిన దినం మళ్లా అదే తప్పు చేసినా. కడసారి స్నానానికైనా నీళ్లుండల్ల కదా అని తిప్పినా. కొళాయి కారేది చూసి ఈ రామలక్ష్మమ్మ తల్లి బయటికొచ్చి, కండ్లు తుడుచుకుంటానే, "ఈ పొద్దు మా వంతు కాదు కదా తిమ్మప్పా, ఆపు నాయనా" అనింది. ఇంట్లో ఉన్న రెండు బిందెలతోనే ఆయన్ను సాగనంపినారు. ఇట్లాంటి మనుషుల కింద పని చేసినానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఓబిలేషన్నా, కోపం చేసుకోవద్దు. నిన్న మీ మనిషి వచ్చి, ఇంక మీ వీధికే ముందు ఇడవల్ల, లేకుంటే నా పని ఇంకొకరికి ఇస్తామని చెప్పిపోయినాడు. నాకింకా రెండేండ్ల సర్వీసు ఉండాది, కాన్పుకొచ్చిన కూతురు ఇంట్లో ఉండాది. భయమే, దాచేదేముంది? అయినా ఇంతమంది ముందర చెప్తాండా. రేపు మొదటి వంతు కొండకింద కాలనీది. మీ వీధికి ఆఖరున వస్తా, అన్నా. వదినమ్మకు చెప్పండి, కాసేపు కాచుకోమని.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ దండాలు. పొద్దున్నే ఐదుకు నీళ్లు ఇడవల్ల, సెలవు.