మాంగ్ తెమ్యోంగ్ ఒంటిచేత్తో కారు ఆయిల్ మార్చిన వైనం

ఈసింగ్ కాఫీ కొట్టు బల్లల దగ్గర ఆ శుక్రవారం పొద్దున ముగ్గురే ఉన్నారు. మాంగ్ తెమ్యోంగ్‌కి ముగ్గురుంటే చాలు, సభ నిండినట్టే. పైగా ఆ ముగ్గురిలో ఆలింగ్ పురా ఉంది. ఆదివారం పునీత రోకే పండుగ. స్వామి తేరును ఎవరి బండి లాగాలో తేల్చేది ఆవిడే. పోయినేడు లాగిన జీపు సరిగ్గా పందుల దొడ్డి ముందు పొగ కక్కి కూలబడితే, స్వామి గంటసేపు ఆ ఎండలో, ఆ కంపులో నిలబడాల్సి వచ్చింది. అందుకని ఈసారి కొత్త ఆయిల్ పోసిన బండికే తాడు కడతానని చర్చి మెట్ల మీదే చెప్పేసింది.

నలభై ఏళ్లుగా కొవ్వొత్తి పట్టుకుని తేరు వెనకే నడిచాడు తెమ్యోంగ్. ఈ ఒక్కసారి తేరు ముందు తన కారు ఉండాలి. కారు కొని మూణ్ణెల్లే అయింది. ఆ మాట ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

"ఆయిల్ మార్చేశాను" అన్నాడు, కప్పులోకి ఊదుకుంటూ, ఏదో గోళ్ళు తీసుకున్నంత తేలిగ్గా.

"ఎవరు మార్చారు?" అన్నాడు మెకానిక్ డెల్ఫిన్. ఊళ్ళో అతనొక్కడే మెకానిక్.

"ఎవరేమిటి, నేనే. నిన్న. మొదటిసారి."

"పెద్దవారు, నన్ను పిలవాల్సింది కదా మాంగ్."

"నిన్ను పిలిస్తే నువ్వు మార్చేవాడివి, అందులో గొప్పేముంది? విను. ముందు ఇంజిన్ కాస్త వేడి చేశాను, ఆయిల్ పల్చబడుతుందని. ఆ తర్వాత కింద దూరి వెల్లకిలా పడుకున్నాను. పైన చూస్తే బోల్టు. పానా పెట్టి తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాను. అప్పుడు ఏమైందో తెలుసా?"

"బోల్టు ఊడింది" అంది ఈసింగ్, ఆకులో చుట్టిన తీపి బియ్యపు సుమాన్ ఆయన ముందు పెడుతూ.

"ఊడితే చెప్పుకోవడమెందుకే? బోల్టు తిరగలేదు, కారు తిరిగింది. నేను పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉన్నాను, పట్టిన పానా పట్టినట్టే ఉంది, నా మీద కారు గానుగెద్దులా చుట్టూ తిరుగుతోంది. మూడు చుట్లు తిరిగాక దానికే కళ్ళు తిరిగి బోల్టు వదిలేసింది."

ఆలింగ్ పురా నవ్వలేదు. చేతిలో పుస్తకం, పెన్సిలు ఉన్నాయి. ఆ పెన్సిలు వంకే చూస్తున్నాడు తెమ్యోంగ్. పుస్తకంలో ఇంకా ఎవరి పేరూ పడలేదు. కథ ఇంకాస్త బిగించాలి.

"బోల్టు ఊడిందో లేదో ఆయిల్ దూకింది చూడండి, జలపాతమే. నేనేమో తొట్టి పెట్టడం మరిచిపోయాను. మొదటిసారి కదా, ఒప్పుకుంటాను, నాకు భేషజం లేదు. మరేం చేశాను? బొటనవేలు పెట్టి కంత మూసేశాను. కుతకుతలాడే ఆయిల్. ఇంకొకడైతే వేలు వేపుడయ్యేది. తొట్టి తెమ్మని మా మరదలికి కేక వేశాను. ఆవిడ అన్నం వారుస్తోంది, రాదు. అలాగే వేలు పెట్టుకుని పడుకున్నాను. పడుకున్నవాణ్ణి ఒక కునుకు తీశాను. లేచాక ఆ రెండో చేత్తో అన్నం తిన్నాను. కూరలో ఉప్పు తక్కువైంది, అదీ చెప్పాను."

"పడుకునే తిన్నారా?" అంది ఈసింగ్.

"కారు కింద కూర్చుని ఎవరైనా తింటారటే?"

డెల్ఫిన్ రొట్టె ముక్క కాఫీలో ముంచి, "తర్వాత?" అన్నాడు.

"తర్వాత తొట్టి వచ్చింది, ఆయిలంతా పట్టాను, బోల్టు బిగించాను. పైకొచ్చి ఇంజిన్ మూత తీసి కొత్త ఆయిల్ పోశాను. డబ్బా డబ్బా పోశాను. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే ఏముంది, గుర్తు దాటి, గుర్తు పైన జానెడు దాటి, నేను పట్టుకున్న వేళ్ళ దాకా ఆయిలే. నువ్వు మార్చినప్పుడు ఎప్పుడైనా అంత పైకి ఎక్కిందా డెల్ఫిన్?"

"లేదు" అన్నాడు డెల్ఫిన్. రొట్టె ముక్క కాఫీలోనే ఉండిపోయింది.

"ఎక్కదు. చేతివాసి. ఇక అసలు సంగతి వినండి. తాళం తిప్పాను. ఇంజిన్ అరిచిన అరుపుకి చర్చి గంటలు వాటంతటవే మోగాయి, ఫాదర్‌గారు పూజ వేళయిందనుకుని అంగీ తిరగేసి తొడుక్కుని పరుగెత్తారు. తాల్ అగ్నిపర్వతం పొగ మానేసి ఇటు చెవి పెట్టింది. గేరు వేసి కాలు అదిమాను. ఇంకా అరిచింది. కారు మాత్రం అంగుళం కదల్లేదు."

"కదల్లేదా?" అంది ఆలింగ్ పురా. పొద్దుటి నుంచి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"కదల్లేదమ్మా. అదీ క్రమశిక్షణ. ఎంత బలమున్నా యజమాని మనసులో మాట తెలిసేదాకా ఆగే బండి. తేరు ముందు అలాంటిదే కావాలి. స్వామి ఒళ్ళు కదలకుండా తీసుకుపోతుంది."

ఆవిడ పెన్సిలు లేచింది. తెమ్యోంగ్ గుండె కూడా లేచింది. ఇంకొక్క దెబ్బ వేస్తే చాలనుకున్నాడు.

"పాత ఆయిల్ కూడా వృథా చేయలేదు. ఆలింగ్ పురా, చెదపురుగులకని నిన్న మీకే కదా డబ్బా నిండా పంపాను. ఇంటి స్తంభాలకు పూశారా? మీ చెదలు ఈపాటికి మూటాముల్లే సర్దుకుని పడవెక్కి ఉంటాయి."

"పూశాను" అంది ఆవిడ. "నాలుగు స్తంభాలకూ పూశాను. మా అత్తగారి కాలం నుంచి ఏటా పూస్తున్నాం, ఎప్పుడు పూసినా నల్లగా తారులా ఉండేది. ఈసారి ఎర్రగా ఉంది. దానిమ్మ రసంలా. ఇల్లంతా పెళ్ళిపందిరిలా ఉందని పక్కింటివాళ్ళు వచ్చి చూసి పోతున్నారు."

డెల్ఫిన్ రొట్టె కోసం కప్పులో వెతికి, దొరక్క, కప్పు కింద పెట్టాడు.

"మాంగ్ తెమ్యోంగ్" అన్నాడు మెల్లగా, పెద్దాయన మనసు నొప్పించకూడదన్నట్టు. "ఎర్రటిది గేరుబాక్సు ఆయిల్. మీరు విప్పింది దాని బోల్టు. ఇంజిన్‌లో పాతది అలాగే ఉంది, దాని మీదే కొత్తది పోశారు. గేరుబాక్సు ఖాళీ. అందుకే కదల్లేదు."

తెమ్యోంగ్ సుమాన్ ఆకు విప్పాడు. నిదానంగా, పొర తర్వాత పొర. చెవులు ఎర్రబడ్డాయి గానీ వీపు వంగలేదు.

"గేరుబాక్సు ఆయిల్ మార్చడం కష్టమా?" అని అడిగాడు.

"కొత్తవాళ్ళు దాని జోలికే పోరు మాంగ్."

"విన్నారా?" అన్నాడు తెమ్యోంగ్, అందరి వంకా చూసి. "మొదటిసారే, పడుకుని."

ఈసింగ్ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆలింగ్ పురా పుస్తకంలో రెండు ముక్కలు రాసింది. అవి తన పేరులోని అక్షరాలు కావని తలకిందులుగా చూసినా తెలిసింది తెమ్యోంగ్‌కి. ఈ ఏడూ కొవ్వొత్తే.

"కారిప్పుడు ఎక్కడుంది?" అంది ఆవిడ, లేచి నిలబడి.

"మా వీధి నడిమధ్యన."

"తేరు పోవాల్సింది ఆ వీధినే. ఆదివారం పొద్దున్నే పక్కకి నెట్టడానికి నలుగురిని పంపిస్తాను."

"నలుగురా?" తెమ్యోంగ్ సుమాన్ కొరికి, నిండు నోటితోనే తల అడ్డంగా ఆడించాడు. "ఏ మూలకొస్తారమ్మా నలుగురు? పదిమందిని పంపించండి. మామూలు బండి కాదది, రెండింతల ఆయిల్ తాగి ఉంది."