మస్కట్‌లో ఒంటెలు ఏడ్చిన రోజు

"పోయినేడు మస్కట్ బజార్ల నన్నొక తండామె గుర్తువట్టింది," అన్నాడు ధర్మా, మునగాల రోడ్డు మీద మత్తయ్య టీకొట్టు బల్లపై కాలు మీద కాలేసుకుని. "షోలాపూర్ దిక్కామె. నా చెవిపోగు సూసి మెడ మీద పడి ఏడ్వవట్టె."

ఆ ఏడుపు సంగతి చెప్పాలి. లంబాడీ తండాల్లో అయినవాడు దూరం నుంచి వస్తే ఆడవాళ్లు మెడ చుట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. వాడు లేనప్పుడు ఇంట్లో ఏం జరిగింది, ఎవరు పోయారు, అంతా ఆ రాగంలోనే చెబుతారు. అది అయితేనే మనిషి వచ్చినట్టు. సూర్యాపేట బస్టాండులో అది విని, ఎవరో చచ్చిపోయారనుకుని బస్సు ఆపించిన కండక్టర్లు కూడా ఉన్నారు.

ఎనభై ఎనిమిదిలో ధర్మా మస్కట్ నుంచి తిరిగొచ్చిన రోజు, చెల్లెలు సక్కుబాయి చేతులు చాపుకుని ఎదురొచ్చింది. తల్లి పోయి అప్పటికి రెండేళ్లు. జీపు డ్రైవరు చూస్తున్నాడని సిగ్గేసి, ధర్మా ఆ చేతుల్లో కొత్త టేప్‌రికార్డరు పెట్టేశాడు. ఆమె దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, చుట్టానికి చేసినట్టు అన్నీ చేసింది. ఏడవలేదు. ఏడవమని అడిగేది కాదది. అప్పట్నుంచి ధర్మా పొద్దంతా టీకొట్టులోనే.

ఆ సాయంత్రం సక్కుబాయి కలుపు తీసి, గడ్డిమోపుతో వచ్చి, తండాకు పోయే జీపు కోసం కొట్టు పక్కన నిలబడింది. అది చూసి ధర్మా గొంతు పెంచాడు.

"ఒక్కామె ఏడిస్తె ఏమాయె?" అన్నాడు గొర్ల బీరప్ప.

"జర ఇను బీరప్పా. ఆమె రాగం ఇని అరబ్బు ఆడోళ్లు యాభై మంది కూడిన్రు. భాష రాకుంటె ఏడుపు రాదా? షేకు కారాపి దిగిండు, ఆయన గూడ షురూ చేసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒంటెలు మోకాళ్ల మీద కూసొని ఏడ్సినయ్."

"ఒంటెలా?" అన్నాడు మత్తయ్య గ్లాసులు కడుగుతూ.

"ఒంటె ఏడుపంటె మామూలుదా? నెలరోజుల కింద తాగిన నీళ్లన్ని కండ్లల్లకెళ్లి ఒక్కపారే దిగుతయ్. సాగర్ గేట్లు ఎత్తినట్టే. ఇసుకంత బురదైంది. ఊకుంటమా? వరి నాటినం."

"ఉప్పునీళ్లలో వరెట్టా పండిద్దయ్యా?" మత్తయ్యది కోదాడ అవతలి యాస.

"పండింది. అన్నంల ఉప్పేసుకునే పనే లేకపాయె. మిర్యాలగూడ మిల్లోళ్లు లారీలు పంపుతమన్నరు."

బీరప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. ధర్మా ఓరగా చెల్లెలి వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. గడ్డిమోపు కింద పెట్టింది.

"భియా," అంది. అన్నా అని వాళ్ల మాట. "ఆమె మనమ్మ పేరు వెట్టి ఏడ్సిందా?"

"అమ్మ పేరా?"

"పేరు లేకుంటె ఎట్ల? అమ్మ మంచంల వడి నిన్ను అడిగింది. తలుపు సప్పుడైతె నువ్వే అనుకున్నది. గవన్ని ఆ రాగంల రావాలె. షోలాపూరామెకు ఎట్ల ఎరుక?"

ధర్మా చల్లారిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కాలు కిందికి దించాడు.

"మేమున్న కాడ ఆడోళ్లే లేరు సక్కూ," అన్నాడు. "రేకుల షెడ్డుల అందరం మొగోళ్లమే. అమ్మ పోయిందని కబురొచ్చిన నాడు గూడ డ్యూటీకి వోయిన. ఎవలకు చెప్పాలె?"

బీరప్ప కండువా సర్దుకుని లేచి, గొర్రెల దిక్కు నడిచాడు.

జీపు వచ్చి ఆగింది. సక్కుబాయి మోపు పైకెక్కించి, తాను ఎక్కి, పక్కకు జరిగింది.

"ఇప్పుడు నాకు రాగం రాదు భియా. దాని యాళ్ల వోయింది. ఎక్కు, ఉత్త మాటల్తోనే చెప్త."

తండా వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది. ధర్మా ఒక్కసారి కూడా మధ్యలో మాట కలపలేదు.