లాడ్జి ఖర్చు మిగిలింది

మీసం మళ్ళీ మొలుస్తాది నానా! మీసమే కదా, ఏటి మీసం! పదైదు రోజుల్లో ఎలాగుండేదో అలాగొచ్చీస్తాది. దానికోసం నువ్వు నిన్నట్నుంచి గోడ కేసి తిరిగి తొంగుంటే ఎలాగ? ఇదిగో కాపీ. లోవలక్ష్మి రెండుసార్లు ఎచ్చబెట్టి ఇచ్చింది, మూడోసారి ఇవ్వదు. కట్టుకున్న పెళ్ళాం, అదీ నాతో మాటాడ్డం లేదు.

ఇటు తిరుగు నానా. పోనీ తిరక్కు, ఇను.

తండ్రి బతికుండగా మీసం తీయించుకున్నోడు ఈ నర్సీపట్నం మొత్తం మీద నేనొక్కణ్ణే, ఒప్పుకుంటాను. ఒట్టి గుండయితే తిరపతనో సింహాచెలమనో అనుకుందురు. మీసం కూడా లేకపోయేసరికి అందరికీ అర్థమైపోనాది. అర్థమైపోనాదని ఆళ్ళనుకున్నారు.

నేను నిన్న పొద్దున్న బస్సు దిగినానా? సంచీ ఇంకా సంకలోనే ఉంది. బుల్లమ్మత్త నన్ను సూసీసి, కూరల గంప దింపీసి, "ఓలమ్మో, మా అన్న ఎల్లిపోనాడో" అని రాగమెత్తీసింది. నేను సెప్పబోతే, "నువ్వు మాటాడకు నాయనా, గుండె నిబ్బరం సేసుకో" అని నా నోరు మూసీసింది. అక్కడే మా హెడ్మాస్టరు గారు పేపరు కొనుక్కుంటన్నారు. ఆయన నా భుజం తట్టి, సైకిలెక్కి బడికెళ్ళి, ప్రార్థనలో నీ కోసం రెండు నిమిషాలు మౌనం పాటించి సెలవిచ్చీసినారు. పిల్లలు సంతోషంగా ఇళ్ళకెళ్ళిపోనారు. ఇచ్చిన సెలవు ఎనక్కి తీసుకోడం ఎలాగో తెలీక ఆయన నిన్నంతా తల పట్టుకుని కూకున్నారంట.

ఆ ఏడుపులు ముందర, నేను ఎనకాల. ఇంటికొచ్చి సూద్దుము కదా, నువ్వు ఈది అరుగు మీద కూకుని సుట్ట కాలుస్తన్నావు. "ఎవులు పోనార్రా?" అని నువ్వే అడిగినావు. పాపం పక్కింటి అప్పయమ్మ, మన కోసం తెచ్చిన అరటిపళ్ళు నీ సేతిలోనే పెట్టి నీకే దండమెట్టీసింది.

అప్పుడు నువ్వు నా మూతి కేసి సూసినావు. నవ్వుతావనుకున్నాను. నవ్వలేదు. లోపలికొచ్చి ఈ మంచమెక్కీసినావు. తిండి లేదు, మాట లేదు.

తిట్టు నానా. పోనీ కొట్టు. గుండు కదా, బాగా తగుల్తాది.

మొదట్నుంచీ సెప్తాను, ఇను. ఇయ్యాల ఆదివారం, నాకు బడి లేదు.

రాజమండ్రీలో మాస్టర్ల మహాసభ. మన తాలూకా యూనియన్‌కి నేను కార్యదర్శినా? మరి నాతోపాటు ఇంకో ఇద్దరు రావాల. డ్రిల్లు మాస్టారు మన్మథరావు, లెక్కల మాస్టారు దేవుళ్లు. ఆళ్ళిద్దరూ ఖర్చని జంకుతన్నారు. "ఖర్చు సంగతి నాకొగ్గీండర్రా" అన్నాను. అక్కడే తప్పు సేసినాను. అంత మాట అనీసినాక మనిషి ఎనక్కి తగ్గలేడు కదా!

ఎల్లేటప్పుడు బస్సు లేదు, రైలు లేదు. కొయ్యూరు నుంచి కాయితం మిల్లుకి ఎదురు బొంగులేసుకెళ్ళే లారీ ఉందా, దాని డ్రైవరు కొడుకు నా క్లాసే. ఊరకనే ఎక్కించుకున్నాడు. ముందర ఇద్దరికే సోటు. నాయకుణ్ణి కదా, నేను పైన ఎదుర్ల మీద. పాయకరావుపేట దాటేసరికి సొక్కా ఈపున రెండు సీలికలైపోనాది. కిందనుంచి మన్మథరావు "ఎలాగుంది గురూ?" అని కేకేసినాడు. "గాలి బాగుంది" అన్నాను.

సాయంత్రం దిగి సూస్తే ఏటుంది? రాష్ట్రంలో ఉన్న మాస్టర్లందరూ మాకన్నా ముందే దిగిపోనారు. లాడ్జీలోళ్ళు రేట్లు రెట్టింపు సేసీసినారు. సభ తరపున బసకని ఒక షెడ్డు ఇచ్చినారు గానీ, అందులో పడుకోడానికి కాదు, నిలబడ్డానికి సోటు లేదు. అప్పుడు టీ కొట్టోడు సెప్పినాడు. గోదారొడ్డున ఒక సత్రం ఉందంట. పోయిన పెద్దోళ్ళ కార్యాలకొచ్చినోళ్ళకి మూడ్రోజులు గది ఊరకనే ఇస్తారంట. సాపలిస్తారు, మజ్జానం భోజనం కూడా పెడతారంట.

మూడ్రోజులు! సభా మూడ్రోజులే! దేవుడే పంపినాడనుకున్నాను.

తాత కార్యం అందామనే ఎల్లినాను నానా, నీ మీదొట్టు. సరేలే, నీ మీద ఒట్టెయ్యనులే ఇంక.

గుమస్తా గారు ముసలాయన. కళ్ళజోడు కిందనుంచి సూసి, "తండ్రిగారున్నారా?" అనడిగినారు. ఉన్నారంటే తాత కార్యం సెయ్యాల్సింది నువ్వు, నేను కాదు. గది నీకిస్తారు గానీ నాకివ్వరు. ఎనకాల ఆళ్ళిద్దరూ సంచులు పట్టుకుని నిలబడున్నారు. దేవుళ్లయితే అప్పుడే ఒక కాలి సెప్పు ఇప్పీసినాడు కూడా.

"లేరండి" అన్నాను.

ఒక్క మాటే. ఎంత సులువుగా వచ్చీసిందో నానా నోట్లోంచి! దానికే నాకు భయమేసింది.

అక్కడితో ఊరుకుంటారనుకున్నాను. "అయ్యో, ఎప్పుడు పోయారు బాబూ?" అన్నారు. నిరుడన్నాను. "ఏ నెలలో?" ఈ నెలేనన్నాను. "తిథి?" నోటికేదొస్తే అది, దశమన్నాను. ఆయన పంచాంగం తీసి, ఏలు పెట్టి సూసి, మొకం ఇంత సేసుకుని, "రేపే కదా! ఎంత అదృష్టవంతులు బాబూ, సరిగ్గా తిథికి గోదావరి ఒడ్డుకొచ్చారు" అన్నారు.

గది మాత్రం మంచిదే ఇచ్చినారు. కిటికీలోంచి గోదారి కనిపిస్తాది. కానీ కార్యం సేసేవోడు అన్నం ముట్టకూడదని నాకు రెండరటిపళ్ళు పెట్టినారు. ఆళ్ళిద్దరూ హోటల్లో పెసరట్లు తినొచ్చి, త్రేన్సుకుంటా నా పక్కనే పడుకున్నారు.

పొద్దున్నే పారిపోదామనే అనుకున్నాను. సభలో పదిన్నరకి నా తీర్మానం. దేని మీదనుకున్నావు? పరాయూళ్ళ సభలకొచ్చే మాస్టర్లకి దారి ఖర్చులూ బస ఖర్చులూ ఇవ్వాలని! అయిదు పేజీలు రాసుకున్నాను. బేగి తానం సేసి గుమ్మం దాటబోతే, గుమస్తా గారు, పురోహితుడు గారు, కత్తి పొదిలో పెట్టుకుని సింగన్నని ఒకడు, ముగ్గురూ నాకోసం నిలబడున్నారు. "సభ రేపు కూడా ఉంటుంది కదా బాబూ, ముందు నాన్నగారి పని చూసుకోండి" అన్నారు గుమస్తా గారు. పురోహితుడు గారితో, "పాపం దూరం నుంచొచ్చారు, దగ్గరుండి చేయించండి" అని సొంత మనిషికి సెప్పినట్టు సెప్పినారు. అంత మంచోడి మొకం మీద "అబద్ధమండి" అనడానికి నాకు నోరు రాలేదు నానా.

గుండు దాకా ఊరుకున్నాను. సింగన్న మూతి మీద నీళ్ళు రాసేసరికి ఆడి సెయ్యి పట్టీసుకున్నాను. "మీసం ఉంచీ" అన్నాను. అందరూ నా కేసి అదోలా సూసినారు. "తండ్రి పోయాక మీసం మీద మోజేమిటి బాబూ" అన్నారు పురోహితుడు గారు. ఇంకేటంటాను? సెయ్యి ఒగ్గీసినాను.

ఏటి, నవ్వుతన్నావా? ఈపు కదిలింది. దగ్గా? సరే, దగ్గేలే.

ఇంతకీ ఏటి మిగిలిందంటావా? గుండుకీ, దచ్చిణకీ, దానాలకీ ఇచ్చింది సూసుకుంటే మంచి లాడ్జీలో ఫేను కింద కాళ్ళు బారజాపుకుని పడుకోవచ్చు. తీర్మానం ఎవుడో కడపాయన సదివీసినాడంట. ఇయ్యాల సభ ఆఖరు రోజు. ఆళ్ళిద్దరూ ఇంకా ఆ గదిలోనే ఉన్నారు, నీ పేరు సెప్పుకుని భోంచేస్తన్నారు.

ఇంతవరకూ నిన్న అరుగు మీద అందరికీ సెప్పీసినాను. అందరూ నవ్వుకుని ఎల్లిపోనారు. ఇక్కణ్ణుంచి ఎవులికీ సెప్పలేదు. లోవలక్ష్మికి కూడా సెప్పలేదు.

గోదారిలో మునిగి లేసి, తడి పంచెతో కూకున్నాను. పురోహితుడు గారు పిండాలు కలుపుతా, "మీ నాన్నగారికి బాగా ఇష్టమైన వంటకమేదో చెప్పండి బాబూ, ఇవాళ సత్రంలో అదే వండిస్తాం" అన్నారు.

నేను నోరు తెరిసినాను. ఏటీ రాలేదు.

మా హెడ్మాస్టరు గారికి ఉల్లి పకోడీ. మన్మథరావుకి కోడి పలావు. ఇనస్పెట్టరు గారికి తుని మావిడిపళ్ళు, రెండు బుట్టలు నేనే నెత్తినెట్టుకుని ఎల్లినాను. ఆయన గారి అత్తగారికి ఏటిష్టమో కూడా నాకు తెలుసు. నీకేటిష్టమో తెలీదు. నలభై ఏళ్ళుగా నీ పక్కన పీటేసుకుని తింటన్నాను. కంచంలో ఏదేస్తే అది తింటావు. ఇంకాస్త ఎయ్యబోతే సెయ్యడ్డం పెట్టి, "సాల్లే, పిల్లలకెయ్యి" అంటావు. ఎంత ఆలోసించినా అడ్డం పెట్టిన ఆ సెయ్యే కనిపిస్తంది గానీ, కంచంలో ఏటుందో కనపడ్డం లేదు.

"చెప్పండి బాబూ" అన్నారు మళ్ళీ. పనసపొట్టు కూరండి అనీసినాను. అమ్మున్నన్నాళ్ళూ పనసకాయ దొరికితే సాలు, అదే వండేది కదా. నువ్వెప్పుడూ వద్దన్లేదు కదా.

అప్పుడేడుపొచ్చీసింది నానా. ఆపుకోలేపోనాను. రేప్పొద్దున్న నిజంగా ఇలాగ కూకోవాల్సొచ్చినా ఇదే మాట అడుగుతారు, అప్పుడు కూడా ఇలాగే నోటికొచ్చింది సెప్పీడమేనా అనిపించింది. సేతిలో పిండం పట్టుకుని సిన్న పిల్లోడిలాగ ఏడిసినాను. గట్టు మీదనుంచి మన్మథరావు, "బాగా సేసినావు గురూ, నాటకాల్లో ఏషమెయ్యొచ్చు" అన్నాడు. నాటకం కాదని ఆడికి సెప్పలేదు. నీకు సెప్తన్నాను. ఆ రాత్రే రైలెక్కీసినాను, టిక్కెట్టు కొనుక్కునే.

ఏటీ? గోడకి కాదు, నాకు సెప్పు. ఇనపడలేదు.

పనసపొట్టు కూర... నీకు పడదా?

మొదట్నుంచీనా? ఓర్నాయనో! మరి ఇన్నేళ్ళూ ఎలాగ తిన్నావు? అమ్మకిష్టమనా? అమ్మకిష్టమని ముప్పయ్యేళ్ళు నోరెత్తకుండా తిన్నావా నానా!

అమ్మయ్య, ఇటు తిరిగినావు. సరే, ఇప్పుడు సెప్పు మరి. నీకేటిష్టం? లోవలక్ష్మి తలుపు సాటునే ఉంది, ఇంటంది. ఏదంటే అది ఇప్పుడే వండుతాది. కొనాలంటే బజారుకి నేనెల్తాను. ఖర్చు సూడను.

సెప్పు నానా.

ఆలోసిస్తన్నావా? ఇంతసేపా?

నిన్నెవులూ అడగలేదా? సిన్నప్పుడు మీ అమ్మ? మా అమ్మ కూడానా?

డెబ్భై రెండేళ్ళు నానా. ఒక్కళ్ళమూ అడగలేదు.

ఆలోసించు. తొందరేటీ లేదు. నేనిక్కడే కూకుంటాను.